తలకిందుల కోడికాలు

“ఆ గుండీలు ఎవరు కుట్టారో చెప్పు. చెప్పి గుమ్మం దాటు.”

టైలరమ్మ తలుపుకు అడ్డంగా నిలబడింది. ఆమె చేతిలో కూతురి బూడిదరంగు కోటు ఉంది. నిన్న సాయంత్రం వానకు తడిసొచ్చిన ఆ కోటును ఆరేస్తుంటే నాలుగు గుండీలూ పరాయి కుట్టుతో కనిపించాయి. అప్పటినుంచి ఆమె కంటికి కునుకు లేదు, ఇంట్లో మిగతావాళ్ళ చెవులకు విశ్రాంతి లేదు.

“ఊడిపోతే కుట్టించుకున్నానమ్మా. ఎన్నిసార్లు చెప్పాలి?” అంది కూతురు, చెప్పుల స్టాండు దగ్గర ఒంటికాలి మీద నిలబడి బూటు తొడుక్కుంటూ. ఇరవై రెండేళ్ళొచ్చి, కళ్ళజోళ్ళ దుకాణంలో ఉద్యోగం చేస్తున్నా ఇంట్లో ఆ అమ్మాయిని అందరూ పిచ్చుక అనే పిలుస్తారు.

“నాలుగూ ఒక్కసారే ఊడాయా? ముందే కూడబలుక్కున్నాయా?”

“బస్సులో తోపులాట.”

“నిన్న దారాలు పాతబడ్డాయన్నావు. ఇవాళ బస్సంటున్నావు. రేపు కాకి పీక్కుపోయిందంటావు.”

“కాకే అనుకో. నాకు ఆలస్యమవుతోంది.”

కిటికీ దగ్గర భర్త ఉలిక్కిపడినట్టు దగ్గాడు. ఆయన లిఫ్టులు బాగుచేసే మనిషి. పొద్దున లేచిన దగ్గర్నుంచి, చెమ్మకు ఉబ్బి మూసుకోనని మొండికేసిన కిటికీ రెక్కతో కుస్తీ పడుతున్నాడు.

“పోనియ్యవే. గుండీలే కదా,” అన్నాడు.

“గుండీలే కదా! ఊళ్ళో లిఫ్టులన్నీ ఎక్కించి దించుతారు, ఇంట్లో కిటికీ రెక్క వారం రోజులుగా ఒక్క అంగుళం కదల్లేదు. మీకు గుండీ సంగతేం తెలుస్తుంది?”

ఆయన మళ్ళీ కిటికీ వైపు తిరిగాడు. ఆ ఇంట్లో ఆయనకు అన్నిటికంటే అచ్చొచ్చిన పని అదే, ఇటువైపు చూడకుండా ఏదో ఒకటి బాగుచేస్తూ ఉండడం.

గుండీ సంగతి మాత్రం చిన్నది కాదు. నాలుగు చిల్లుల గుండీని టైలరమ్మ లోకంలో అందరూ కుట్టినట్టు కుట్టదు. గుండీని మూలమీద తిప్పి పెట్టుకుని, అన్నిటికంటే కిందున్న చిల్లులోంచి దారం తీసి, మిగతా మూడింటిలోకీ విడివిడిగా దించుతుంది. తడిమట్టిలో కోడి అడుగు వేసినట్టుంటుంది. వీధిలో దాన్ని కోడికాలు కుట్టు అంటారు. వేళ్ళు మూడూ ఎప్పుడూ పైకి, మెడపట్టీ వైపుకే. బట్టలు పాతబడి చిరిగిపోతాయి కానీ ఆ గుండీలు ఊడవు.

ఈ కోటు మీదున్నవీ కోడికాళ్ళే. కానీ వేళ్ళు కిందికి ఉన్నాయి. నాలుగింటికి నాలుగూ తలకిందులు.

అంటే ఎవరో ఆమె కుట్టును పట్టిపట్టి చూశారు. చూసి దొంగిలించారు. దొంగిలించడం కూడా సరిగ్గా చేతకాక తిరగేశారు. ఎవరు?

ఇంట్లో వాళ్ళా, కాదు. భర్త సూది బెజ్జం వెతకడానికి టార్చిలైటు అడుగుతాడు. పిచ్చుకైతే సూది పట్టుకుంటే వేలికి, వదిలేస్తే కాలికి గుచ్చుకునే రకం. ఇక అత్తగారు. ఆవిడ కుట్టుమిషనుకు ఎదురుగా పేము కుర్చీలో కూర్చుని కోడలి పనికి వంకలు పెట్టడం తప్ప పద్దెనిమిదేళ్ళుగా ఏ పనీ ముట్టుకోలేదు.

అయితే ఇది పరాయి చెయ్యే. పరాయి ఇల్లే. పోయిన బుధవారం పిచ్చుక మూడింటికే దుకాణంలోంచి వెళ్ళిపోయిందని ఫోనులో విన్నప్పటినుంచి టైలరమ్మ మనసులో ఒక ఇల్లు లేస్తూనే ఉంది. ఇవాళ్టికి దానికి గోడలు, కప్పు కూడా వచ్చేశాయి. ఆ ఇంట్లో తన కూతురి కోటు చనువుగా విప్పించి గుండీలు కుట్టే ఒక ఆడమనిషి ఉంది. ఆవిడకొక కొడుకు ఉండే ఉంటాడు. ఈ మధ్య పిచ్చుక మెడకు చుట్టుకుని ఇంట్లో కూడా విప్పని ఆ ఆకుపచ్చ మఫ్లరు వాడు కొన్నదే అయ్యుంటుంది.

“ఆ మఫ్లరు ఎవరిచ్చారు?” అంది హఠాత్తుగా.

పిచ్చుక చెయ్యి మెడ మీదికి పోయింది. “కొనుక్కున్నా.”

“ఎక్కడ?”

“అమ్మా, ఇంకో పది ప్రశ్నలు రాసిపెట్టు. సాయంత్రం వచ్చి అన్నిటికీ ఒకేసారి జవాబులు రాస్తా.”

“పిల్ల చలిలో నిలబడింది, వదిలెయ్యి అమ్మాయ్,” అంది అత్తగారు కుర్చీలోంచి. “నువ్వు అడిగే తీరు చూస్తే, చెయ్యనిది కూడా చేశానని ఒప్పేసుకుని బతికిపోదామనిపిస్తుంది.”

“మీరు ఊరుకోండి అత్తయ్యా. దాన్ని వెనకేసుకొచ్చి వెనకేసుకొచ్చి ఇంతదాకా తెచ్చారు.”

“నేనా? నేను ఈ కుర్చీ దిగితే కదా ఎవరి వెనకైనా రావడానికి. మోకాళ్ళు ఎక్కడున్నాయో వెతుక్కుంటున్నా.”

ఆ సందులోంచి పిచ్చుక తల్లి భుజం కిందుగా దూరి బయటపడింది. కోటు లేదు. పలచటి చొక్కా, మెడకు మఫ్లరు, అంతే. మెట్ల దగ్గర ఒక్క క్షణం రెయిలింగు పట్టుకుని ఆగింది.

“కోటైనా వేసుకుపోవే!”

“నువ్వే వేసుకో. సోదా చేసుకోవడానికి సులువుగా ఉంటుంది.”

కింద వీధిలో గాలికి ఎండుటాకులు గోడవారగా పరుగెత్తుతున్నాయి. వాటిమధ్యనుంచి ఆ ఆకుపచ్చ మఫ్లరు మలుపు తిరిగేదాకా టైలరమ్మ చూస్తూ నిలబడింది. తిరగగానే కోటు మడిచి సంచిలో పెట్టింది.

“ఎక్కడికి?” అన్నాడు భర్త.

“చలికి చస్తుందేమోనని కోటిచ్చొస్తా. అది కూడా తప్పేనా?”

తప్పని ఎవరూ అనలేదు. అత్తగారు మాత్రం ముక్కు మీది కళ్ళజోడు సవరించుకుని కోడలి సంచి వైపు ఒకసారి చూసింది. ఏదో అనబోయి మానుకుంది. ఆవిడ మానుకున్న మాటలు ఆ ఇంట్లో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కానీ ఆ పూట లెక్కపెట్టే తీరిక టైలరమ్మకు లేదు.

*

మొదటి అనుమానం మూలమీది లాండ్రీ ఆవిడ మీదికి పోయింది. రెండు నెలలుగా ఆవిడ ఇస్త్రీ బల్ల పక్కన ‘చిన్న చిన్న కుట్టుపనులు చేయబడును’ అని అట్టముక్క వేలాడుతోంది. పైగా టైలరమ్మ కుట్టిన బట్టలన్నీ ఆ ఇస్త్రీపెట్టె కిందకి వెళ్తాయి. చూసి నేర్చుకోవడానికి అంతకంటే బడి ఏముంది?

“వదినా, ఒక గుండీ కుట్టి చూపిస్తావా?” అంది వెళ్ళీవెళ్ళగానే.

లాండ్రీ ఆవిడ ఆవిరి మధ్యలోంచి తలెత్తింది. “ఏం వదినా, నీ చేతికేమైంది?”

“చేతికేం కాలేదు. నీ చెయ్యి చూద్దామని.”

“ఆ అట్టముక్క గురించేనా? నీ గిరాకీ నేనేం లాక్కోలేదమ్మా. ఏదో జేబు చిరిగితే ఒకటి, అంచు ఊడితే ఒకటి…”

“గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నేను గిరాకీ మాటెత్తానా? ఒక్క గుండీ కుట్టు.”

ఆవిడ సణుక్కుంటూ సూది తీసింది. ఒక పాత చొక్కాకు గుండీ పెట్టి, పక్కపక్కన రెండు గీతలుగా నాలుగు పోట్లు పొడిచి, దారం పళ్ళతో తెంపింది. వేసుకున్నవాడు గట్టిగా తుమ్మితే ఎదుటివాడి కంట్లో పడే గుండీ అది. టైలరమ్మకు ఒక పక్క గర్వం, ఇంకో పక్క నిరాశ. ఈవిడ కాదు.

“ఇంతకీ ఏం పోయింది?” అంది లాండ్రీ ఆవిడ.

“ఏం పోలేదు. మా అమ్మాయి కోటుకు ఎవరో గుండీలు కుట్టారు.”

“కుడితే మంచిదేగా!”

“తల్లి టైలరై ఉండగా ఇంకొకళ్ళ దగ్గరికి వెళ్ళిందంటే ఏమిటి దానర్థం?”

లాండ్రీ ఆవిడ ఇస్త్రీపెట్టె నిలబెట్టి ఆలోచించింది. తెలివైన మనిషి కాదు కానీ, ఒక్కోసారి అలాంటివాళ్ళ నోట్లోంచే సూది మొనలాంటి మాట ఊడిపడుతుంది.

“వైద్యుడి ఇంట్లోవాళ్ళు పక్కవీధి వైద్యుడి దగ్గరికి వెళ్ళారనుకో వదినా, రోగం పెద్దదని కాదు. ఇంట్లో ఆయనకి చెప్పలేకపోయారని.”

“నోరు మంచిదైతే ఊరు మంచిది,” అని విసురుగా బయటికొచ్చింది టైలరమ్మ. నాలుగడుగులు వేశాక కానీ చెప్పు కింద తడి ఆకు అతుక్కుపోయి ఉన్న సంగతి తెలియలేదు. ఆకు వదిలింది కానీ ఆ మాట వదల్లేదు.

*

కళ్ళజోళ్ళ దుకాణం యజమాని ముక్కు మీద ఒక జోడు, బట్టతల మీద ఇంకో జోడు పెట్టుకుని గాజుబల్ల వెనక కూర్చున్నాడు. టైలరమ్మను చూసి లేచాడు.

“రండమ్మా. మీ అమ్మాయి ఇప్పుడే లెన్సులు తేవడానికి వెళ్ళింది. అరగంటలో వస్తుంది.”

“ఒక్కతే వెళ్ళిందా?”

“లెన్సులు చిన్నవేనమ్మా. మొయ్యడానికి ఇద్దరు అక్కర్లేదు.”

ఆమె ఆ నవ్వును లెక్కచెయ్యలేదు. బల్ల మీద కోటు పరిచింది. పరుస్తూ దుకాణమంతా ఒక చూపు చుట్టబెట్టింది. అద్దాల అరలు, అక్షరాల చార్టు, మూలన పొడుగు కుర్చీ. మగపిల్లవాడి జాడ ఎక్కడా లేదు.

“మీ ఇంట్లో ఎవరికైనా కుట్టుపని వచ్చాండీ?”

“మా ఆవిడకు ఊలు అల్లడం వచ్చు. ఎందుకమ్మా?”

“ఊరికే. మీకు మగపిల్లలు ఎంతమంది?”

ఆయన పైనున్న కళ్ళజోడు కూడా కిందికి దించాడు. “ఒక్కడే. తొమ్మిదేళ్ళు.”

తొమ్మిదేళ్ళు. టైలరమ్మ మనసులో కట్టుకున్న ఇంటికి ఒక గోడ కూలింది.

“కోటిచ్చి పోదామని వచ్చాను. చలి కదా,” అంది.

“మంచి పని చేశారు. ఈ కోటు సంగతి నేనే మీకు చెబుదామనుకున్నా. మొన్నటిదాకా ఆ పిల్ల ఒంటిమీద గోనెసంచిలా వేలాడేది. ఇప్పుడు గుండీలు లోపలికి జరిపాక కాస్త కుదురుగా ఉంది. మీరే బిగించి ఉంటారులెండి.” ఆయన గొంతు తగ్గించాడు. “పాపం, నెలన్నరలో ఎంత చిక్కిపోయిందమ్మా!”

గుండీలు లోపలికి జరిపాక.

టైలరమ్మ వంగి చూసింది. నిన్నటినుంచి వంద సార్లు చూసిన కోటే. దారం చూసింది, ముడి చూసింది, వేళ్ళు ఎటు తిరిగాయో చూసింది. గుండీ ఎక్కడుందో మాత్రం చూడలేదు. ప్రతి గుండీకీ రెండు వేళ్ళ అవతల, అంచు దగ్గర, సూది పాతగా పొడిచిన సన్నటి చిల్లులు వరుసగా కనిపిస్తున్నాయి. తను కుట్టిన చోటు అది.

గుండీ లోపలికి జరిగిందంటే కోటు పెరిగిందని కాదు. మనిషి తరిగిందని. ఆ సంగతి కుట్టుపనిలో మొదటిరోజు నేర్చుకునే పాఠం. వీధిలో ఎవరి నడుము ఒక అంగుళం పెరిగినా గుమ్మంలోనే పసిగట్టే ఆ కళ్ళకు, రోజూ కళ్ళెదుట తిరిగే పిల్ల ఆనలేదు. దొంగను వెతికే హడావుడిలో పోయిందేమిటో చూడలేదు.

“చిక్కిపోయిందా?” అంది.

“మీకు తెలియదా?” అన్నాడాయన కంగారుగా. అని, మాట మార్చాలని కాబోలు, “మంచి బట్టమ్మా ఇది,” అంటూ కోటును తనవైపుకు తిప్పుకున్నాడు.

మెడపట్టీ ఆమె వైపుకు వచ్చింది. కింది అంచు ఆయన వైపుకు పోయింది. బల్లకు ఇవతల నిలబడ్డ టైలరమ్మకు నాలుగు గుండీలూ ఒక్కసారిగా కుదురుకున్నాయి. వేళ్ళు మూడూ పైకి. ముడి కింద. తన కుట్టే. అచ్చు తనదే.

కానీ ఎదురుగా కూర్చుంటేనే అలా కనిపిస్తుంది.

తను కుడుతుంటే, తనకు ఎదురుగా కూర్చుని, ఏళ్ళ తరబడి ఆ చేతులనే చూసిన మనిషికి కోడికాలు ఇలాగే, వేళ్ళు తనవైపుకు తిరిగి కనిపిస్తుంది. నేర్చుకుంటే అలాగే నేర్చుకుంటారు. కుడితే అలాగే కుడతారు.

ఆమె మనసులో లేచిన ఇల్లంతా ఒక్క దెబ్బకు నేలకూలింది. పరాయి ఇల్లు లేదు, పరాయి ఆడమనిషి లేదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది.

“కోటు అమ్మాయికి ఇచ్చెయ్యండి,” అని మెట్లు దిగింది. ఆయన వెనకనుంచి ఏదో అంటూనే ఉన్నాడు.

*

“గుండీలు మీరే కుట్టారు,” అంది టైలరమ్మ గడపలోంచే.

అత్తగారు పేము కుర్చీలో ఉంది. ఎదురుగా కుట్టుమిషను, దాని మీద సగం కుట్టిన ఎవరిదో లంగా. భర్త పనికి వెళ్ళిపోయాడు. కిటికీ రెక్క ఇంకా తెరిచే ఉంది.

“తలుపు వేసి మాట్లాడు. చలి,” అంది అత్తగారు.

టైలరమ్మ తలుపు వేసింది.

“ఎవరు చెప్పారు?”

“మీ కుట్టే చెప్పింది. పద్దెనిమిదేళ్ళుగా ఈ చేతులకు వంకలు పెడుతూ కూర్చుని, ఈ చేతుల్లోంచే నేర్చుకున్నారు. అదైనా తిన్నగా నేర్చుకోలేదు.”

“తిన్నగానే నేర్చుకున్నా. నువ్వు అటు కూర్చుంటావు, నేనిటు కూర్చుంటాను. తప్పు కుర్చీది.” అత్తగారి పెదవుల మీదికి రాబోయిన నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. “గట్టిగానే కుట్టాను కదా?”

“గట్టిగానే కుట్టారు.” ఆ మాట తన నోటివెంట వచ్చినందుకు తనకే ఆశ్చర్యమేసింది. “దానికేమైంది అత్తయ్యా?”

వంటింటి వెనక ఆకులతో పూడుకుపోయిన వాన గొట్టంలోంచి నీళ్ళు చుక్కచుక్కగా కారుతున్న చప్పుడు వినబడుతోంది.

“అత్తయ్యా.”

“నేను ఒట్టేశాను.”

“మీ ఒట్టు నా నెత్తిన పడనివ్వండి. చెప్పండి.”

“నెలన్నర క్రితం,” అంది అత్తగారు చివరికి, “నువ్వు ఎవరికో బట్టలివ్వడానికి వెళ్ళావు. అది మెట్లెక్కుతూ కళ్ళు తిరిగి కూలబడింది. చప్పుడు విని నేను వెళ్ళాను.”

“మీరా? మెట్ల దాకా?”

“మెట్ల దాకానే కాదు, ఆసుపత్రి దాకా వెళ్ళాను. రెండు బుధవారాలు, నువ్వు బట్టలిచ్చి రావడానికి అటు వెళ్ళగానే. టాక్సీలో.”

“మోకాళ్ళు కదలవన్నారు!”

“మోకాళ్ళు నా మాట వినకపోయినా మనవరాలి మాట వింటాయిలే.” ఆవిడ ఒడిలోని చేతులను చూసుకుంటూ అంది. “మెడ దగ్గర చిన్న గడ్డ ఉంది. బఠాణీ గింజంత. అందుకే ఆ మఫ్లరు. రక్తం తీశారు, పోయినవారం గడ్డలోకి సూది పెట్టి ఏదో లాగారు. రేపు పదకొండింటికి ఫలితం చెబుతారు.”

గడ్డ. టైలరమ్మ మిషను అంచు పట్టుకుంది. ఆ ఒక్క మాట చాలు. దాని వెనకే పిలవని చుట్టాల్లా నూరు మాటలు తోసుకొచ్చాయి. ఎదురింటివాళ్ళ చెల్లెలికి వచ్చిన గడ్డ, బస్సులో ఎవరో చెప్పుకున్న గడ్డ, పదిహేనేళ్ళనాడు విన్న గడ్డ. రేపు పదకొండింటికి కాదు, ఆమె మనసులో ఫలితం అప్పుడే వచ్చేసింది.

“చూశావా,” అంది అత్తగారు మెల్లగా. “ఇదిగో, ఇందుకే చెప్పలేదు అది.”

“కన్నతల్లిని. నాకు చెప్పకుండా మీకు…”

“నాకూ చెప్పలేదు. నేను చూశాను కాబట్టి తెలిసింది. దానికి పదేళ్ళప్పుడు సైకిలు మీంచి పడి మోకాలు చీరుకుపోయి ఇంటికొచ్చింది, గుర్తుందా? నువ్వు ఆ రక్తం చూసి గుమ్మంలోనే పడిపోయావు. ఆ పిల్ల కుంటుకుంటూ లోపలికెళ్ళి నీకు మంచినీళ్ళు తెచ్చింది. దాని రక్తం గ్లాసుకు అంటింది. నేను ఈ కుర్చీలోంచే చూశాను.”

టైలరమ్మకు మంచినీళ్ళు గుర్తున్నాయి. ఎవరు తెచ్చారో గుర్తులేదు.

“మొన్న టాక్సీలో అదే అడిగాను, అమ్మకు చెబుదామే అని. ‘చెబితే నాకంటే ముందు అమ్మ పడిపోతుంది నానమ్మా. అమ్మను లేపడానికి నేను లేవాలి. ఇప్పుడు నాకంత ఓపిక లేదు’ అంది.”

అత్తాకోడళ్ళ మధ్య పద్దెనిమిదేళ్ళుగా మాటలే తప్ప మౌనం ఎరుగని ఆ మిషను, ఎటు కుట్టాలో తెలియనట్టు సూది పైకెత్తుకుని నిలబడింది.

“ఆయనకు తెలుసా?”

“వాడి సంగతి నాకు తెలీదు. నేనైతే చెప్పలేదు.”

“రేపు నేనూ వస్తాను.”

“రాలేవు.” అత్తగారు మొదటిసారి కోడలి చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా, గట్టిగా ఉంది. “నాతో ఒట్టు వేయించుకుంది అమ్మాయ్. నీకు తెలిసిందని దానికి తెలిసిన మరుక్షణం రేపు రానని. ఫలితమూ వద్దు, వైద్యమూ వద్దని. అది మొండిది. మొండితనం ఎవరి పోలికో నేను చెప్పక్కర్లేదు. అది లేకుండా ఫలితం నా చేతికివ్వరు. కాబట్టి రేపు పదకొండు దాకా నీకేం తెలీదు. ఏమీ.”

“నేనెలా ఉండగలను అత్తయ్యా?”

“నోరు కుట్టేసుకో. కుట్టడం నీకొచ్చిన పనేగా.”

ఆ మాటకు ఇద్దరికీ నవ్వు రాబోయింది. ఇద్దరికీ ఏడుపే వచ్చింది.

*

వెలుగు ఇంకా పూర్తిగా పోకముందే పిచ్చుక వచ్చింది. బూడిదరంగు కోటు వేసుకుని, నాలుగు గుండీలూ పెట్టుకుని.

టైలరమ్మ మిషను మీంచి తల ఎత్తలేదు. ఎత్తితే కళ్ళు నేరుగా మఫ్లరు మీదికి పోతాయని భయం. ఒకే లంగా అంచును అప్పటికి మూడోసారి కుడుతోంది.

“దుకాణానికి వచ్చావట,” అంది పిచ్చుక.

“కోటిద్దామని.”

“మా సార్‌ని ఏమేం అడిగావు?”

“నేనేం అడుగుతాను? కళ్ళు పరీక్ష చేయించుకోమన్నాడు. నాకు దగ్గరివి కనపడ్డం లేదట.”

పిచ్చుక ఆ మాటను ఎటువైపు తీసుకోవాలో తెలియక ఒక క్షణం నిలబడింది. “గుండీల కేసు తేలిందా మరి?”

“తేలింది. లాండ్రీ ఆవిడ.”

“ఒప్పుకుందా?”

“ఒప్పుకోదు. కానీ ఆవిడే.”

పిచ్చుక భుజాలు కాస్త కిందికి దిగాయి. కుర్చీలోని నానమ్మ వైపు ఒక చూపు విసిరింది. నానమ్మ వార్తాపత్రిక ముఖానికి అడ్డం పెట్టుకుని ఉంది. పత్రిక కదలకుండా పట్టుకోవడానికి ఆవిడ పడుతున్న పాట్లు టైలరమ్మకు తెలుస్తూనే ఉన్నాయి.

అంతా బాగానే జరుగుతోంది. ఇంకో రెండు మాటలు గడిస్తే చాలు.

“అమ్మా, రేపు నేను పదింటికి బయల్దేరతాను. సాయంత్రం దాకా ఫోను చెయ్యకు. తియ్యను.”

ఎందుకు? పదింటికేం, తొమ్మిదింటికి కదా దుకాణం? ఎవరితో? ఫోనెందుకు తియ్యవు? తిరిగి ఎప్పుడొస్తావు? అయిదు ప్రశ్నలూ టైలరమ్మ నాలుక చివరికి వచ్చి వరుసగా నిలబడ్డాయి. ఆమె పెదవులు బిగించింది. ఒక్కొక్కదాన్నే గుటకేసింది. చివరిది గొంతులో అడ్డుపడింది కానీ దాన్ని కూడా మింగింది.

“సరే,” అంది.

తన జీవితంలో అంత కష్టపడి పలికిన మాట ఇంకొకటి లేదనుకుంది. గండం గడిచిందనుకుంది.

బూటు విప్పుతున్న పిచ్చుక చెయ్యి ఆగింది.

“సరేనా?”

“ఆఁ. సరే. జాగ్రత్తగా వెళ్ళు.”

పిచ్చుక మెల్లగా నిటారుగా లేచింది. తల్లి ముఖం వైపు చూసింది. ఇరవై రెండేళ్ళలో ఎన్నడూ చూడని వస్తువేదో చూసినట్టు చూసింది.

“ఎందుకని అడగవేం?”

టైలరమ్మ నోరు తెరిచింది. ఇప్పుడు అడిగినా తప్పే, అడక్కపోయినా తప్పే. “ఎందుకు?” అంది చివరికి. అడగాల్సిన చోట అడగని ప్రశ్న, అడక్కూడని చోట బయటపడింది. గొంతు మధ్యలో విరిగింది.

అది చాలింది.

పిచ్చుక తల్లిని చూడడం మానేసి కుర్చీ వైపు తిరిగింది. “నానమ్మా,” అంది. గొంతు చాలా చిన్నదైపోయింది. “పేపరు దించు.”

పేపరు దిగలేదు.

“దించు నానమ్మా. ఒక్కసారి నా ముఖం చూడు.”

పేపరు దిగింది. అత్తగారి కళ్ళజోడు అద్దాలు రెండూ తడిసి ఉన్నాయి.

“పిచ్చుకా, నా తల్లీ, నేను చెప్పలేదే, మీ అమ్మే కనిపెట్టింది…”

ఎవరూ పూర్తిగా వినలేదు. ఒక బూటు విప్పి, ఒక బూటు కాలికి ఉండగానే పిచ్చుక తన గదిలోకి నడిచింది. తలుపు గట్టిగా కూడా వెయ్యలేదు. నెమ్మదిగా, జాగ్రత్తగా మూసింది. టైలరమ్మ లేచి పరుగెత్తి తలుపు మీద అరచెయ్యి ఆనించేసరికి, లోపలివైపు టక్కున గడియ పడింది.

టైలరమ్మ చెయ్యి అలాగే ఉండిపోయింది. రోజూ తనే తుడిచే తలుపు అది. ఆ తలుపుకు లోపల గడియ లేదు. ఎప్పుడూ లేదు.

మరి ఎవరు బిగించారు? ఆమె కళ్ళు, భర్త పొద్దున కుస్తీ పట్టిన కిటికీ రెక్క వైపు తిరిగాయి.